అక్కయ్యకు రాయండి: ఆ వచనం ఎవరికి రాశారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మాట చుట్టూ తిరిగాయి. లోబడటం. మొగుడికి, అత్తకి, నాన్నకి, షిఫ్ట్ ఇన్‌చార్జికి, పాస్టర్ గారికి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. మన వైజాగ్‌లో ఏ సంఘంలో చూసినా ఎవరో ఒకరికి తెలిసినవాళ్లు ఉంటారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

అక్కా, వందనాలు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తాను. నా ఏటీఎం కార్డు మా ఆయన దగ్గరే ఉంటుంది, దానికి నేనెప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఆయన ఫ్రెండ్ ఆనందపురం వైపు ప్లాట్ల వెంచర్ వేస్తున్నాడని, అందులో పెట్టడానికి నా శాలరీ స్లిప్ మీద ఎనిమిది లక్షలు పర్సనల్ లోన్ తీయమంటున్నారు. బ్యాంకులో అడిగితే ఇంటి రిపేర్లకని చెప్పాలట. భయంగా ఉందంటే బైబిల్ తెచ్చి ఎఫెసీ 5:22 నా చేత చదివించారు. మా అమ్మకి కూడా చెప్పొద్దన్నారు. సంతకం పెట్టకపోతే నేను అవిధేయురాలినా? – ఒక సోదరి, గాజువాక

పెట్టకమ్మా. ముందు ఆ ముక్క చెప్పేసి తర్వాత కారణాలు చెప్తాను, ఎందుకంటే ఈ సంచిక నీ చేతికొచ్చేసరికి ఆయన నిన్ను బ్యాంకుకి బయల్దేరదీసి ఉండొచ్చు.

మీ ఆయన చదివించిన వచనం బైబిల్లో ఉంది, కాదనను. "స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి." దాని పైన 21వ వచనం కూడా చదివించారా? "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంటుంది అక్కడ. సరే, అది పక్కన పెట్టినా, 22 నుంచి 24 దాకా మూడే వచనాలు భార్యలకి. 25 నుంచి 33 దాకా, ఆఖరి సగం వాక్యం తప్ప, మొత్తం భర్తలకే. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించాలని, సొంత ఒంటిని పోషించుకున్నట్టు పోషించాలని. భార్యలకి రాసింది భార్య చదువుకోవాలి, భర్తలకి రాసింది భర్త చదువుకోవాలి. మన ఇళ్లల్లో జరిగేదేమో, పక్కింటివాళ్ల పేరున వచ్చిన ఉత్తరం మనం చింపి వాళ్లకే గట్టిగా చదివి వినిపించడం లాంటిది. భార్యని లోబరచుకో అని భర్తతో చెప్పిన వచనం ఎఫెసీలో లేదు, కొలొస్సయుల్లో లేదు, పేతురు పత్రికలోనూ లేదు. కొలొస్సయుల్లో భర్తలకి ఉన్నది "మీ భార్యలను ప్రేమించుడి, వారిని నిష్ఠురపెట్టకుడి" అని.

ఇంకో సంగతి, ఇది నీకే సూటిగా తగులుతుంది. అపొస్తలుల కార్యాలు 5లో అననీయ, అతని భార్య సప్పీరా పొలం అమ్మి, ఆవిడకి తెలిసే, డబ్బు కొంత దాచి మొత్తం ఇచ్చేసినట్టు నటించారు కదా. మూడు గంటల తర్వాత ఆవిడ లోపలికి వచ్చినప్పుడు, అబద్ధం బయటపడి మొగుడు చనిపోయిన సంగతి ఆవిడకి తెలియదు. పేతురు ఆవిడని విడిగా అడిగాడు, మీరు పొలం ఇంతకే అమ్మారా అని. అప్పుడైనా నిజం చెప్పే వీలుంది, "అవును, ఇంతకే" అంది. మా ఆయన అలా చెప్పమన్నాడండీ అన్న మాటకి అక్కడ చోటే లేదు. ఇంటి రిపేర్లకేనా అమ్మా అని బ్యాంకులో అడిగినప్పుడు జవాబు నీ నోటి నుంచే రావాలి, సంతకం నీ చేత్తోనే పడాలి. ఆ అబద్ధంలో మీ ఆయనకి లోబడితే విధేయత అవ్వదు, ఇద్దరూ కలిసి చేసిన అబద్ధం అవుతుంది.

లోకం లెక్క కూడా చూడు. పర్సనల్ లోన్ నీ పేరున ఉంటే వెంచర్ మునిగినా బ్యాంకు ఆ ఫ్రెండ్‌ని అడగదు, నెలనెలా ఈఎంఐ నీ జీతంలోంచే పోతుంది. పోనీ గ్యారంటీ సంతకం ఒక్కటీ పెట్టు అంటారేమో, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం హామీ ఉన్నవాళ్ల బాధ్యత మామూలుగా అప్పు తీసుకున్నవాళ్లతో సమానమే. ఆ వెంచర్‌కి వీఎంఆర్‌డీఏ, అంటే మన విశాఖ అభివృద్ధి సంస్థ అప్రూవల్ ఉందా, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబర్ ఉందా అని మీ ఆయన్నే అడుగు. అడిగినందుకే కోపం వచ్చిందంటే అవి లేవనే అనుకో.

ఎలా చెప్పాలంటే, పిల్లలు పడుకున్నాక, ఆయన అన్నం తిన్నాక, గొంతు పెంచకుండా చెప్పు: మీ కష్టంలో ఉంటాను, ఉన్నదాంట్లో సర్దుకుంటాను, అబద్ధం రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. బైబిల్లో అబీగయీలు, మొగుడు నాబాలు చేసిన తెలివితక్కువ పని నుంచి ఇంటిని కాపాడటానికి అతనితో చెప్పకుండానే రొట్టెలు, గొర్రెలు గాడిదల మీద వేసుకుని దావీదుకి ఎదురెళ్లింది. మర్నాడు పొద్దున మత్తు దిగాక తనే మొగుడికి మొత్తం చెప్పింది. దాచుకోలేదు. నువ్వూ మీ అమ్మకి చెప్పు, నీ కార్డు నీ దగ్గర పెట్టుకో. ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం ప్రార్థన ఒక్కటే చేసుకుంటూ కూర్చోకు. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, సంపాదన లాక్కోవడాన్ని కూడా హింస కిందే చూస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, అర్జెంటైతే 112. ఓర్చుకో, నీ ఓర్పుకి ప్రతిఫలం ఉంటుంది అని చెప్పే పెద్దమ్మలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. కొరడా దెబ్బలకి కట్టేసినప్పుడు పౌలు ఓర్చుకోలేదు, నేను రోమా పౌరుణ్ణి, విచారించకుండా కొట్టొచ్చా అని అడిగి ఆపించాడు. వాళ్లకి ఆ అధ్యాయం చూపించు, కార్యాలు 22.

అక్కా, బండి మీద చర్చికి వెళ్లేటప్పుడు కూడా హెల్మెట్ ఎందుకు, దేవుడు కాపాడడా అని మా ఆయన వాదన. ఏం చెప్పను? – మర్రిపాలెం

అధికారులకి లోబడమన్న రోమా 13 ట్రాఫిక్ ఎస్సై గారికి కూడా వర్తిస్తుందని చెప్పు. వెనక కూర్చున్న నీకూ హెల్మెట్ ఉండాలి, చట్టం ఇద్దరికీ అదే. దేవాలయం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుతో అన్నది ఎవరో మీ ఆయనకి గుర్తుచెయ్.

వందనాలు అక్కా. నాకు ఇరవై ఎనిమిది, ఉద్యోగం ఉంది, సంఘంలో కీబోర్డు వాయిస్తాను. ఆరిలోవ సంబంధం కుదిరింది, అమ్మాయి నాకు నచ్చింది. నాకు కట్నం వద్దు. నాన్న మాత్రం మధురవాడలో వాళ్లకున్న ఫ్లాట్ అమ్మాయి పేరున రాయమని అడిగారు. వద్దంటే, చెల్లి పెళ్లికి మనం ఇవ్వలేదా అంటారు. తండ్రి మాట విననివాడు ఆరాధనలో వాయించడానికి అర్హుడు కాదని కూడా అన్నారు. – కంచరపాలెం తమ్ముడు

ఈ బేరాలు మన ఇళ్లల్లో ఎలా జరుగుతాయో తెలియనిది కాదు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, టీపాయ్ మీద జంతికలు, థమ్సప్ గ్లాసులు, పెద్దాయన ఒకరు లేచి చిన్న ప్రార్థన, ఆ తర్వాత "మాకేం డిమాండ్లు లేవండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది పెట్టుకోండి" అని మొదలవుతుంది. గంట గడిచేసరికి ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులో, తూర్పు ఫేసింగో కాదో దగ్గరికి వస్తుంది. వాస్తు మనకి పట్టదంటూనే! మళ్లీ ముగింపు ప్రార్థన.

కట్నం తీసుకోవడం, ఇవ్వడం రెండూ 1961 చట్టం కింద నేరాలు, ఐదేళ్లకి తగ్గని జైలు. అడగడం కూడా నేరమే. అంటే మీ నాన్న నిన్ను అడుగుతున్నది తప్పులో భాగం పంచుకోమని. పిల్లలు తల్లిదండ్రులకి విధేయులై ఉండాలన్నది ఎఫెసీ 6:1, నిజమే, "ప్రభువునందు" అనే హద్దుతో. పైగా దాన్ని నీకు రాశారు, మీ నాన్నకి రాసింది నాలుగో వచనం, పిల్లలకి కోపం రేపవద్దని.

నేను చెప్పేది యోనాతాను సంగతి చూడమని. సౌలు రాజు, పైగా తండ్రి, దావీదుని చంపమని కొడుకుతో అన్నాడు. యోనాతాను చంపలేదు సరికదా, తండ్రి ఎదురుగా నిలబడి, అతను నీకేం తప్పు చేశాడని నిరపరాధిని చంపుతావు అని అడిగాడు. ఒకసారి సౌలు కోపంతో కొడుకు మీదికే ఈటె విసిరాడు. అయినా యోనాతాను తండ్రిని వదిలేసి దావీదు గుంపులో కలవలేదు. గిల్బోవ కొండ మీద ఆఖరి యుద్ధంలో తండ్రితోనే ఉన్నాడు, అక్కడే చనిపోయాడు. చెడ్డ పని చేయనన్నాడు, నాన్నని మాత్రం విడిచిపెట్టలేదు. నీకు కావలసింది అలాంటిది. ఇల్లు వదిలి వెళ్లిపోతానని బెదిరించకు, అమ్మ చేత ఏడిపించకు.

ఇంకోటి కూడా చూడు తమ్ముడూ. నీ చెల్లి పెళ్లికి ఇచ్చామంటున్నారంటే ఆ అప్పు ఇంకా తీరిందా? చాలామంది తండ్రులది అత్యాశ అనుకుంటాం గానీ లోపల ఉన్నది చిట్టీ పాట, వడ్డీ, రిటైర్మెంట్ టెన్షన్. మార్కు 7లో యేసు పరిసయ్యులని తిట్టింది దేనికి? తల్లిదండ్రులకి ఖర్చు పెట్టాల్సిన సొమ్ముని కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి ఎగ్గొట్టినందుకు. కాబట్టి కట్నం వద్దని చెప్పే రోజునే, ఆ అప్పు కాగితాలు ఇలా ఇవ్వండి నాన్నా, నెలనెలా నేను కడతాను అను. అది చెప్పకుండా ఆదర్శం ఒక్కటే మాట్లాడితే ఆయన బరువు అలాగే ఉంటుంది, నీకు మాత్రం మంచి పేరు వస్తుంది. ఆ తర్వాత పిల్ల తండ్రితో నువ్వే మాట్లాడు, వీలైతే నాన్న పక్కన ఉండగానే. కీబోర్డు సంగతి మీ సంఘ పెద్దలు చూసుకుంటారు. నా మాటకొస్తే, ఫ్లాట్ పుచ్చుకుని వాయించేవాడి కన్నా నీ వాయింపు వినడం నాకిష్టం.

అక్కగారూ, పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో కెమిస్టుని. నైట్ షిఫ్టులో రియాక్టర్ టెంపరేచర్, ప్రెషర్ గంట గంటకీ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. మనుషులు తక్కువ. రెండు, మూడు, నాలుగు గంటల రీడింగులు ఒకేసారి రాసి సంతకం పెట్టేయమని మా షిఫ్ట్ ఇన్‌చార్జి అంటారు. దాసులు యజమానులకి లోబడాలని వాక్యం. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. – పేరు వద్దు

ఆ వాక్యం నిజంగా దాసులకి, కొనబడ్డ మనుషులకి రాసింది. నువ్వు ఉద్యోగివి, మానుకునే హక్కు ఉన్నవాడివి, అయినా పనిలో నమ్మకంగా ఉండమనే దాకా అది మనకీ వర్తిస్తుందనే అనుకుందాం. యజమానులకి రాసిన ఎఫెసీ 6:9 మీ ఇన్‌చార్జి చదవాలి, బెదిరించడం మానమని.

ఇక్కడ అధికారి ఎవరో సరిగ్గా చూడు. మీ ఇన్‌చార్జి పైన కంపెనీ రాసుకున్న ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో చెప్పే పద్ధతి ఉంది, దాని పైన ఫ్యాక్టరీల భద్రత గురించిన చట్టం ఉంది. జరిగిన పనిని జరిగిన టైముకే రాయాలన్నది ఫార్మాలో మొదటిరోజు ట్రైనింగులో చెప్పే మాట. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు ముందు పట్టుకునేది కూడా దాన్నే, మూడు రీడింగులూ ఒకే పెన్నుతో ఒకే వాలులో ఉన్నాయేంటని. అంటే ఆయన మాట వింటే అంతకన్నా పై మాట దాటినట్టే. రేపు ఏమైనా జరిగితే ఆ రాత్రి ఇన్‌చార్జి ఏం చెప్పాడో ఎవరికీ గుర్తుండదు, సంతకం నీది. పైగా అది కాగితం గొడవ మాత్రమే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై నిద్రలో ఉన్న జనం రోడ్ల మీద పడిపోయిన సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడా ట్యాంకులో వేడి పెరిగిపోయింది. మూడు గంటలకి నువ్వు చూడని మీటరు మూడు గంటలకి ఏం చూపిస్తోందో ఎవరికి తెలుసు?

చేయాల్సిన విధానం దానియేలు నేర్పుతాడు. రాజు భోజనం వద్దనుకున్నాడు, కానీ పళ్లెం విసిరికొట్టలేదు. ముందు నపుంసకుల అధిపతిని అడిగాడు, ఆయన భయపడితే కింది అధికారి దగ్గరికి వెళ్లి, పది రోజులు మాకు శాకాహారం పెట్టి చూడండి అని ఒక దారి చూపించాడు. నువ్వు కూడా దారి చూపించు. సార్, రౌండు నేనే వేస్తాను, ఆలస్యమైతే చూసిన టైమే వేసి ఆలస్యమని రాస్తాను, ఆ గంటకి హెల్పర్‌ని ఒకణ్ణి ఇప్పించండి అను. నోటితో అడిగి ఊరుకోకుండా మెయిల్ పెట్టు, మర్యాదగా, రెండు వాక్యాల్లో. కుదరకపోతే సేఫ్టీ ఆఫీసర్. ఉద్యోగం పోతుందా అంటే పోవచ్చు, పోదని నేను హామీ ఇవ్వలేను. దానియేలు స్నేహితులైన ముగ్గురు యువకులు కూడా, రాజు విగ్రహానికి మొక్కమంటే, దేవుడు తప్పిస్తాడు, తప్పించకపోయినా మొక్కం అన్నారు. ఈలోగా బయోడేటా మాత్రం రెడీగా పెట్టుకో, అది అవిశ్వాసం కాదు.

అక్కా, నేను పెళ్లయ్యాక ప్రభువుని తెలుసుకున్నాను. మావారు, అత్తగారు హిందువులు, నన్ను చర్చికి వెళ్లనిస్తారు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు మా అత్తగారు ఏటా హనుమంతవాక దగ్గర నడిచేవాళ్లకి మజ్జిగ పోస్తారు. ఈసారి నన్ను కలిపిపెట్టమన్నారు. అది విగ్రహారాధనలో పాలు పంచుకోవడమే అని సంఘంలో ఒకావిడ అంటున్నారు. ఆ రోజు ప్రసాదం ఇస్తే ఏం చేయాలో కూడా తెలియట్లేదు. – ఒక చెల్లి

కలుపమ్మా, బాగా కలుపు. అల్లం, పచ్చిమిర్చి దంచి వెయ్, కరివేపాకు తుంపి వెయ్, ఉప్పు సరిచూడు. ముప్పై రెండు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే ముసలమ్మకి గ్లాసు మజ్జిగ ఇవ్వడానికి ఆవిడ మతం అడగాలని యేసు ఎక్కడా చెప్పలేదు. మంచి సమరయుడి కథ మీ సంఘంలో ఆవిడ సండే స్కూల్లో వినే ఉంటారు.

అత్తగారికి ఎంతవరకు లోబడాలంటే, వంటింట్లో ఆవిడ మాట నడవనీ, ఇంటి మర్యాదల్లో నడవనీ. మొక్కు, హారతి దగ్గరికి వచ్చేసరికి నీ మనస్సాక్షి ఉంది, ఆవిడకీ ఆ సంగతి తెలుసు, అందుకే నిన్ను మజ్జిగ అడిగారు గానీ నడవమని అడగలేదు. అంత సున్నితంగా అడిగిన మనిషిని గాయపరచొద్దు. ప్రసాదం విషయంలో 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదువు. నా మనస్సాక్షి ఒప్పుకోదు అత్తయ్యా, ఏమీ అనుకోకండి అని మెల్లగా చెప్పడం నీకు సరిపోతుంది. మొహం తిప్పుకోవడం, వేళాకోళం చేయడం మాత్రం వద్దు. సిరియా సేనాధిపతి నయమాను నమ్ముకున్నాక ఎలీషాని అడిగిన ప్రశ్న నీ ప్రశ్నకి దగ్గరే: మా రాజు రిమ్మోను గుడిలో నా చెయ్యి ఆనుకుని మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దేవుడు క్షమిస్తాడా? ఎలీషా నియమాల జాబితా చదవలేదు, సమాధానంతో వెళ్లు అన్నాడు. నాకు బైబిల్లో చాలా ఇష్టమైన జవాబుల్లో అదొకటి. సంఘంలో ఆవిడ మళ్లీ ఏమైనా అంటే నా పేరు చెప్పు.

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఎఫెసీ 6:1 ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఫోన్ పక్కన పెట్టమంటే, నువ్వు ముందు రీల్స్ ఆపు అంటాడు. – సీతమ్మధార

వాడు అన్న తీరు తప్పు, అన్న మాట మాత్రం తప్పు కాదు. 6:4 కూడా ప్రింట్ తీసి కింద అంటించండి. రాత్రి పదింటికి ఇంట్లో ఫోన్లన్నీ, వాళ్ల నాన్నదీ, మీదీ కలిపి, ఒకే చోట చార్జింగ్‌కి పెట్టండి. పన్నెండేళ్ల యేసు మూడు రోజులు కనబడకపోతే మరియ ముందు, ఎందుకిలా చేశావు అని అడిగింది, జవాబు అర్థం కాకపోయినా విన్నది. ఆ తర్వాతే ఆయన నజరేతుకి వచ్చి వాళ్లకి లోబడి ఉన్నాడని ఉంటుంది.

మా మందిరం స్లాబ్ కోసం ఏడాదిన్నరగా కానుకలు ఇస్తున్నాం. లెక్క చూపించమని యవ్వనస్థులం అడిగితే, "నా అభిషిక్తులను ముట్టవద్దు" అని పాస్టర్ గారు పల్పిట్ మీద నుంచే అన్నారు. అడగడం తిరుగుబాటా? – గోపాలపట్నం

ఆ మాట కీర్తన 105లోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు ఊరు కాని ఊళ్లో తిరుగుతున్నప్పుడు వాళ్లకి హాని చేయొద్దని దేవుడు రాజులతో అన్న మాట. సిమెంటు బిల్లులకి దానికీ సంబంధం లేదు. దావీదుకి నిజంగానే తల మీద నూనె పోశారు, అయినా ఆయన తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదురుగా వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఇక డబ్బు సంగతి పౌలుని చూడండి. యెరూషలేము పేదల కోసం కానుకలు పట్టుకెళ్లేటప్పుడు తను ఒక్కడే తీసుకెళ్లలేదు, తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పెట్టాడు. ఈ విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకూడదని, దేవుడి దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలని రాశాడు, 2 కొరింథీ 8:20, 21. పౌలు అంతటివాడికి లేని అభ్యంతరం మన పాస్టర్ గారికి ఎందుకు?

మీరు కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టి రచ్చ చేయకండి. ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లండి, అయ్యగారూ అనే పిలవండి. రసీదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇసుక, ఇనుము, మేస్త్రీ కూలి కాగితాలు చూపించమనండి, ఇకముందు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించమనండి. రిజిస్టర్ అయిన సంఘమైతే ఏటేటా ఆడిట్ ఏమైందో కూడా అడగండి. చూపిస్తే ఆయన్ని అనుమానించినవాళ్లందరి ముందూ ఆ మాట మీరే లేచి చెప్పండి. చూపించకపోతే కానుక మానొద్దు. కవర్లో డబ్బు వేయడం ఆపి, సిమెంటు బస్తాలు మీరే కొని, మందిరం దగ్గర దించి, దుకాణం బిల్లు జిరాక్స్ నోటీసు బోర్డుకి అంటించండి.